తిలతండులమా, క్షీరనీరమా? లేజర్ అబ్లేషన్‌తో లోహం చేర్చిన అర్ధవాహక నానోస్ఫటికాలు – సాక్ష్య విమర్శ

వ్యాస సంగ్రహం

అర్ధవాహక నానోస్ఫటికాలలో లోహ పరమాణువులను చేర్చినట్లు ప్రకటించే పరిశోధన పత్రాలు అనేకం, లోహం ఉన్నదని రుజువు చేసి అది స్ఫటికం లోపల ఉన్నదని రుజువైనట్లు భావిస్తాయి. ఈ రెండూ వేర్వేరు ప్రతిపాదనలు. పల్స్ లేజర్ అబ్లేషన్ పద్ధతిలో ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ. ఆ పద్ధతిలోని భౌతిక ప్రక్రియలను, జింక్ సల్ఫైడ్, జింక్ ఆక్సైడ్‌ల విషయంలో గడచిన మూడు దశాబ్దాలలో జరిగిన వివాదాలను పరిశీలించి, ఏ సాక్ష్యం దేనిని నిరూపిస్తుందో, దేనిని నిరూపించదో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: అర్ధవాహక నానోస్ఫటికాలు, డోపింగ్, పల్స్ లేజర్ అబ్లేషన్, జింక్ ఆక్సైడ్, ప్రతిక్షేపణ, ఉపరితల అధిశోషణం.

1. రెండు రకాల కలయిక

అలంకారశాస్త్రంలో సంసృష్టికీ సంకరానికీ భేదం చెప్పేటప్పుడు రెండు న్యాయాలను ఉదాహరిస్తారు. ఒకే పద్యంలో రెండు అలంకారాలు నువ్వులూ బియ్యమూ కలిసినట్లు విడివిడిగా గుర్తించడానికి వీలుగా ఉంటే అది తిలతండుల న్యాయం, సంసృష్టి. పాలూ నీళ్ళూ కలిసినట్లు విడదీయరాకుండా ఉంటే అది క్షీరనీర న్యాయం, సంకరం. రెండు చోట్లా ఉన్నవి రెండు వస్తువులే. వస్తువులు ఉన్నాయని చూపినంత మాత్రాన అది ఏ కలయికో తేలదు. అవి ఉన్న తీరును చూపాలి.

అర్ధవాహకాల డోపింగ్ విషయంలోనూ ప్రశ్న ఇదే. తెలుగు పాఠ్యపుస్తకాలు దీనిని 'మాదీకరణం' అన్నాయి. చేర్చే పరమాణువును 'మాలిన్యం' అన్నాయి. రెండవ మాట కొంత తప్పుదోవ పట్టించేదే. మాలిన్యం అనగానే పైన అంటుకున్నది స్ఫురిస్తుంది. డోపింగ్‌లో కావలసినది దానికి సరిగ్గా వ్యతిరేకం. జింక్ ఆక్సైడ్‌లో కోబాల్ట్‌ను చేర్చడమంటే, బంతిలో జింక్ కూర్చోవలసిన పీటమీద కోబాల్ట్ కూర్చొని, చుట్టూ ఉన్న నాలుగు ఆక్సిజన్ పరమాణువులతో అదే బంధుత్వం కలుపుకోవడం. దీనినే ప్రతిక్షేపణ అంటారు. పందిరి బయట నిలబడినవాడు భోజనానికి వచ్చినవాడే కావచ్చు, బంతిలో కూర్చున్నవాడు మాత్రం కాడు.

'డోప్డ్' అన్న విశేషణం పత్రం శీర్షికలోకి ఎక్కినప్పుడు అది చెప్పేది పరమాణువు ఎక్కడ ఉన్నదన్న సంగతి. తయారీ విధానంలో ఏమేమి కలిపారన్నది దానికి అర్థం కాదు. కాని లేజర్ అబ్లేషన్ రంగంలో ఈ విశేషణాన్ని తరచుగా రెండవ అర్థంలోనే వాడుతున్నారు. లక్ష్యఫలకంలో 3 శాతం రాగి ఉంటే, దాని నుంచి వచ్చిన కణాలను '3 శాతం రాగి డోప్ చేసిన జింక్ ఆక్సైడ్' అనడం అలవాటైంది. ఫలకం సంగతిని స్ఫటికం సంగతిగా చెప్పడం ఇది.

2. దెబ్బ తగిలిన తరువాత ఏమి జరుగుతుంది

లేజర్‌తో పదార్థాన్ని ఎగజిమ్మించి వేరొకచోట పొరగా పేర్చడం 1965లో స్మిత్, టర్నర్ రూబీ లేజర్‌తో చేసి చూపారు. అయితే రెండు దశాబ్దాల పాటు దానిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1987లో బెల్‌కోర్ ప్రయోగశాలలో తిరుమలై వెంకటేశన్ బృందం ఇట్రియం, బేరియం, రాగి ఆక్సైడ్ అతివాహకపు పొరలను ఈ పద్ధతిలో తయారు చేయడంతో దశ తిరిగింది. నాలుగు మూలకాలున్న పదార్థం ఫలకంలో ఏ నిష్పత్తిలో ఉన్నదో పొరలోనూ దాదాపు అదే నిష్పత్తిలో దిగడం అప్పటి ఆశ్చర్యం. దీనినే సమనిష్పత్తి బదిలీ అన్నారు. 'ఫలకంలో ఎంతో స్ఫటికంలో అంతే' అన్న నేటి నమ్మకానికి మూలం ఆ విజయమే.

అదే 1987లో పూణే విశ్వవిద్యాలయం నుంచి పాటిల్, ఓగలే, భిడే తదితరులు మరొక దారి చూపారు. నీటిలో ముంచిన ఇనుప ఫలకంపై రూబీ లేజర్ స్పందనాలను ప్రసరింపజేసి, మామూలు పరిస్థితులలో నిలవని ఇనుప ఆక్సైడ్‌ను రాబట్టారు. ద్రవంలో లేజర్ అబ్లేషన్ చరిత్ర రాసేవారు సాధారణంగా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. 1993లో ఫోజ్టిక్, హెంగ్లైన్ ఒకవైపు, నెడర్సన్, చుమనోవ్, కాటన్ మరొకవైపు ద్రవంలో నానోకణాల కొల్లాయిడ్‌లను ఈ పద్ధతిలో తయారు చేశారు. ఆ తరువాత ఇది విస్తరించిన తీరు అందరికీ తెలిసినదే.

సాధారణ ప్రయోగశాలలో వాడేది నియోడిమియం యాగ్ లేజర్. 1064 లేదా 532 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం, 5 నుంచి 10 నానోసెకన్ల స్పందనం, సెకనుకు 10 దెబ్బలు. కాంతి తగిలినచోట పదార్థం కరిగి, ఆవిరై, ప్లాస్మాగా మారుతుంది. ఉష్ణోగ్రత వేల కెల్విన్‌లకు చేరుతుంది. చుట్టూ ద్రవం కప్పి ఉండడం వల్ల ప్లాస్మా వ్యాపించలేదు, అందుచేత పీడనం గిగాపాస్కల్ స్థాయికి పెరుగుతుంది. ప్లాస్మా చల్లబడుతూ చుట్టూ ఉన్న ద్రవాన్ని ఆవిరి చేస్తే బుడగ పుడుతుంది. అది వందల మైక్రోసెకన్ల వరకు ఉండి కూలిపోతుంది. కణాలలో చాలా భాగం ఆ బుడగ లోపల, దాని అంచుల వద్ద రూపుదిద్దుకుంటాయి.

డోపింగ్‌కు ఈ పద్ధతి అనుకూలమన్న వాదానికి బలమైన ఆధారం ఇక్కడే ఉన్నది. నింపాదిగా స్ఫటికం పెరిగితే పరాయి పరమాణువును బయటకు నెట్టే వ్యవధి ఉంటుంది. ఇక్కడ చల్లబడే వేగం అంత వ్యవధి ఇవ్వదు. కరిగిన సిలికాన్ నానోసెకన్ల స్పందనం తరువాత గట్టిపడేటప్పుడు, సమతాస్థితిలో ఇమడగల దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ బంగారాన్ని లోపల బంధించగలదని వేరే ప్రయోగాలు చూపాయి. కాబట్టి ఈ వాదాన్ని తీసిపారేయడానికి వీలులేదు.

కాని వేగం అన్న ఒక్క మాటతో కథ పూర్తి కాదు. జింక్ 907 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. వెండి 2162 వద్ద, రాగి 2562 వద్ద, కోబాల్ట్ 2927 వద్ద మరుగుతాయి. ఆవిరి చల్లబడేటప్పుడు ముందుగా ఘనీభవించడానికి సిద్ధపడేది మరుగుస్థానం ఎక్కువైన లోహం. జింక్ ఇంకా ఆవిరిగా ఉండగానే వెండి తనకు తాను బిందువు కట్టవచ్చు. పైగా జింక్ నీటితో, ఆక్సిజన్‌తో సులభంగా చర్య జరుపుతుంది. వెండి అలా జరపదు. ఒకే ప్లాస్మాలో పుట్టినా, ఒకటి ఆక్సైడ్ దారి, మరొకటి లోహం దారి పడతాయి. 1987 నాటి అతివాహక పొరలకు ఈ ఇబ్బంది తక్కువ. వేడి చేసిన ఆధారఫలకంపై, ఆక్సిజన్ సమక్షంలో, పరమాణువులు తమ స్థానాలు వెతుక్కొనే అవకాశం అక్కడ ఉన్నది. బుడగలో అటువంటి ఆధారం లేదు. నిష్పత్తి మొత్తం మీద నిలిచినా, ఒక్కొక్క కణంలో నిలిచిందని చెప్పడానికి వీలులేదు.

మరొక చిక్కు, పుట్టిన కణాలు ద్రవంలోనే తేలుతూ ఉంటాయి. తరువాతి దెబ్బలు వాటికీ తగులుతాయి. కణం మళ్ళీ కరిగి, మళ్ళీ గట్టిపడుతుంది. గంటసేపు ప్రయోగం నడిస్తే 36,000 దెబ్బలు. మొదటి దెబ్బలో లోపల చిక్కిన పరమాణువు ఆఖరి దెబ్బ వరకు అక్కడే ఉన్నదా అన్నది విడిగా అడగవలసిన ప్రశ్న.

3. లోహాన్ని చేర్చే దారులు

ఆచరణలో నాలుగు దారులు కనిపిస్తాయి. ఆక్సైడ్ పొడులను కలిపి, బిళ్ళగా అదిమి, కొలిమిలో కాల్చి గట్టిపరచి దానినే ఫలకంగా వాడడం మొదటిది. కాల్చినప్పుడే డోపింగ్ జరిగి ఉంటే ఇది మెరుగైన దారి. జరగలేదంటే ఫలకమే తిలతండులం, దాని నుంచి వచ్చేదానిని గురించి చెప్పనక్కరలేదు. ఫలకం ఎక్స్‌కిరణ వివర్తన చిత్రాన్ని కూడా పత్రంలో ఇవ్వడం మర్యాద. కాని దానిని అందరూ పాటించరు. రెండవది మిశ్రలోహ ఫలకం. పై పేరాలో చెప్పిన మరుగుస్థానాల చిక్కు దీనికి పూర్తిగా వర్తిస్తుంది.

మూడవ దారి చవక, సులభం, అందుకే ప్రచారంలో ఉన్నది. శుద్ధమైన జింక్ ఫలకాన్ని మాంగనీస్ క్లోరైడ్ వంటి లవణ ద్రావణంలో ముంచి లేజర్ ప్రసరింపజేస్తారు. ఇందులో లోహ అయాన్లు ప్లాస్మా లోపల పుట్టవు, బయటి నీటిలో ఉంటాయి. కొన్ని బుడగలోకి చేరవచ్చు. మిగిలినవన్నీ కణం పుట్టిన తరువాత దాని ఒంటిమీద చేరడానికి సిద్ధంగా ఉంటాయి. జింక్ ఆక్సైడ్ ఉపరితలంపై ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు అటువంటి అయాన్లను ఆకర్షించి పట్టి ఉంచుతాయి. అల్యూమినియం లవణమైతే మరొక ప్రమాదం ఉన్నది. జింక్, అల్యూమినియం కలిసిన పొరల హైడ్రాక్సైడ్ నీటిలో సులభంగా ఏర్పడుతుంది. అది వేరే పదార్థం, డోప్ చేసిన జింక్ ఆక్సైడ్ కాదు. నాలుగవ దారిలో రెండు కొల్లాయిడ్‌లను విడిగా చేసి, కలిపి, మళ్ళీ లేజర్ కింద పెడతారు. దీని ఫలితాన్ని ముందే డోపింగ్ అనడం సాహసం.

4. ఒక చిన్న లెక్క

స్ఫటికం చిన్నదవుతున్నకొద్దీ లోపల, బయట అన్న తేడా ఎంత పెద్దదవుతుందో అంకెలలో చూస్తే తెలుస్తుంది. జింక్ ఆక్సైడ్‌లో ఘన నానోమీటరుకు సుమారు 42 జింక్ పరమాణువులు ఉంటాయి. 5 నానోమీటర్ల వ్యాసం ఉన్న గోళాకార స్ఫటికంలో దాదాపు 2,750 జింక్ స్థానాలు. ఒక శాతం డోపింగ్ అంటే 27 పరమాణువులు మాత్రమే. అదే స్ఫటికం వెలుపలి పొరను 0.26 నానోమీటర్ల మందంగా లెక్కిస్తే అందులో 28 శాతం, అంటే దాదాపు 770 స్థానాలు పడతాయి. 27 మంది అతిథులకు 770 అరుగులు! ఒక్కరు కూడా ఇంట్లోకి రాకుండానే అందరూ బయట సర్దుకోవచ్చు.

రసాయన విశ్లేషణ యంత్రం మొత్తాన్ని ఆమ్లంలో కరిగించి కొలుస్తుంది కాబట్టి లోపలి 27కూ బయటి 27కూ అది చూపే అంకె ఒకటే. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి అమర్చిన ఎక్స్‌కిరణ విశ్లేషణ కూడా మామూలుగా చెప్పేది అంతవరకే. విచిత్రమేమంటే పత్రాలలో 'డోపింగ్ విజయవంతమైంది' అన్న వాక్యం ఎక్కువగా ఈ అంకె పక్కనే కనిపిస్తుంది.

స్ఫటికం 2 నానోమీటర్లకు తగ్గితే 176 జింక్ స్థానాలే ఉంటాయి. ఒక శాతానికి సగటున 1.76 పరమాణువులు. యాదృచ్ఛికంగా పంచితే దాదాపు ఆరింట ఒక స్ఫటికానికి ఒక్కటి కూడా రాదు. అంత చిన్న స్ఫటికాల గుంపును 'ఒక శాతం డోప్ చేసినది' అని ఏకవచనంలో చెప్పడంలోనే కొంత అసత్యం ఉన్నది.

5. మాంగనీస్ నేర్పిన పాఠం

ఈ చర్చకు పునాది వేసిన వివాదం లేజర్ అబ్లేషన్‌ది కాదు, రసాయన ద్రావణ పద్ధతిది. అయినా దానిని ఇక్కడ తలచుకోవడం అవసరం. 1994లో భార్గవ, గల్లఘర్, హాంగ్, నుర్మికో మాంగనీస్ చేర్చిన జింక్ సల్ఫైడ్ నానోస్ఫటికాలను గురించి ఒక సంచలన ఫలితాన్ని ప్రచురించారు. పెద్ద స్ఫటికంలో మాంగనీస్ నారింజరంగు కాంతి మిల్లీసెకన్ల పాటు నిలుస్తుంది. నానోస్ఫటికంలో అది నానోసెకన్లకు, అంటే లక్ష రెట్ల మేర తగ్గిందని వారు చెప్పారు. క్వాంటం పరిమాణం మాంగనీస్ స్వభావాన్నే మార్చేసిందన్న ఆ ఊహ ఎంతో మందిని ఆకర్షించింది. వందలాది పరిశోధనలకు అది ప్రేరణ.

1998లో ఉట్రెక్ట్‌లో బోల్, మైజరింక్ ఆ కాంతిని ఎక్కువ సేపు గమనించారు. మాంగనీస్ కాంతి దాదాపు 1.9 మిల్లీసెకన్ల పాటే, పెద్ద స్ఫటికంలో లాగే నిలుస్తున్నది. నానోసెకన్లలో ఆరిపోయేది స్ఫటికదోషాల నుంచి వచ్చే వేరొక నేపథ్య కాంతి. కొలత తప్పు కాదు, కొలిచినది మాంగనీస్‌ను కాదు. ఒక గుణం మారిందని చూపేముందు ఆ గుణం ఎవరిదో చూపాలన్న జాగ్రత్త అక్కడి నుంచి వచ్చింది.

మాంగనీస్ లోపల ఉన్నదా అన్న ప్రశ్నకు ఎలక్ట్రాన్ పారాఅయస్కాంత అనునాదం మంచి సాధనం. మాంగనీస్ కేంద్రకం వల్ల వర్ణపటం ఆరు గీతలుగా చీలుతుంది. ఆ గీతల ఎడం చుట్టూ ఉన్న బంధాలను బట్టి మారుతుంది. జింక్ సల్ఫైడ్ లోపల ఆ స్థిరాంకం సెంటీమీటరు విలోమ ప్రమాణంలో సుమారు 64×10⁻⁴, జింక్ ఆక్సైడ్ లోపల సుమారు 76×10⁻⁴. ఉపరితలంపై, హైడ్రాక్సైడ్ పరిసరంలో అంతకంటె ఎక్కువ. ఆరు గీతలు కనిపించాయని రాసి స్థిరాంకం రాయని పత్రం, సాక్షి వచ్చాడని రాసి సాక్షి ఏమి చెప్పాడో రాయనట్లే. 2000లో మికులెక్ తదితరులు మాంగనీస్ చేర్చిన కాడ్మియం సెలెనైడ్‌ను పిరిడిన్‌తో కడిగి చూశారు. మాంగనీస్‌లో అధిక భాగం ఉపరితలానిదేనని తేలింది. ఆ నిజాన్ని వారు దాచకుండా ప్రచురించడం వల్లనే తరువాతి అవగాహన సాధ్యమైంది.

ఎందుకు లోపలికి రాదన్న ప్రశ్నకు రెండు సమాధానాలు వచ్చాయి. 2005లో ఎర్విన్ బృందం, పెరుగుతున్న స్ఫటికపు ముఖంపై పరమాణువు ఎంత గట్టిగా అంటుకొని నిలవగలదన్నదే నిర్ణాయకమని, స్ఫటిక నిర్మాణాన్ని, ముఖాన్ని బట్టి అది మారుతుందని చెప్పింది. 2006లో డాల్పియన్, చెలికోవ్‌స్కీ చిన్న స్ఫటికంలో మాలిన్యానికి శక్తి ఖర్చు పెరిగి అది బయటకు పోతుందన్నారు. ఒకటి గతిశాస్త్ర వాదం, రెండవది ఉష్ణగతిక వాదం. వీటిలో ఏది లేజర్ బుడగకు వర్తిస్తుందన్న ప్రశ్నను అబ్లేషన్ పత్రాలు వేసుకోవడం అరుదు. వేగంగా చల్లబడుతుంది కాబట్టి రెండవది వర్తించదనడం తర్కసమ్మతమే. మొదటిది మాత్రం వేగంతో మాయమయ్యేది కాదు.

6. అయస్కాంతం వెంట పరుగు

2000లో డీట్ల్ తదితరుల సిద్ధాంతం ఒక జోస్యం చెప్పింది. 5 శాతం మాంగనీస్, దానితోపాటు చాలా ఎక్కువ సాంద్రతలో రంధ్రాలు ఉన్న జింక్ ఆక్సైడ్ గది ఉష్ణోగ్రతకు మించి కూడా ఫెర్రోఅయస్కాంతంగా ఉండగలదన్నది. రంధ్రాల షరతును చాలామంది మరచిపోయారు. 2001లో ఉయెడా, తబాతా, కవాయ్ లేజర్ అబ్లేషన్‌తో కోబాల్ట్ చేర్చిన జింక్ ఆక్సైడ్ పొరలు వేసి అయస్కాంతత్వాన్ని చూశారు. తమ ఫలితం పునరావృతమయ్యేది 10 శాతం కంటే తక్కువసార్లని వారే రాశారు. ఆ నిజాయితీ మెచ్చుకోదగినది. దానిని ఉదాహరించినవారు అయస్కాంతాన్ని తీసుకొని ఆ శాతాన్ని వదిలేశారు.

2003లో మాంగనీస్ చేర్చిన జింక్ ఆక్సైడ్‌లో, పొరలోనూ బిళ్ళలోనూ, గది ఉష్ణోగ్రతకు మించిన ఫెర్రోఅయస్కాంతత్వం ఉన్నదని నేచర్ మెటీరియల్స్ పత్రికలో శర్మ తదితరులు ప్రకటించారు. మరుసటి ఏడాది అదే పత్రికలో కుందలియా, ఓగలే, వెంకటేశన్ తదితరులు ఆ వ్యవస్థను తిరిగి పరిశీలించారు. అయస్కాంతత్వానికి కారణం జింక్ ఆక్సైడ్‌లో విడివిడిగా కూర్చున్న మాంగనీస్ కాదని, ఆక్సిజన్ లోపాలతో నిలిచిన మాంగనీస్-జింక్ ఆక్సైడ్ అనే అస్థిర ప్రావస్థ అని తేల్చారు. అంటే మాంగనీస్ ఆక్సైడ్‌లో జింక్ కుదురుకొన్న పదార్థం. ఎవరు ఎవరి ఇంటికి అతిథిగా వెళ్ళారో తారుమారైంది.

పేర్లను గమనించాలి. 1987లో లేజర్ పొరల పద్ధతికి ప్రాణం పోసిన వెంకటేశన్, అదే ఏడాది ద్రవంలో అబ్లేషన్‌కు తొలి అడుగు వేసిన ఓగలే, ఇద్దరూ ఈ విమర్శ పత్రంలో ఉన్నారు. పద్ధతిని బాగా ఎరిగినవారే దాని ఫలితాలను ఎక్కువగా శంకించారు. 2005లో సి.ఎన్.ఆర్. రావు, దీపక్ మాంగనీస్, కోబాల్ట్ చేర్చిన జింక్ ఆక్సైడ్‌లలో ఫెర్రోఅయస్కాంతత్వమే లేదని ప్రచురించారు. అదే సంవత్సరం ఐబీఎంకు చెందిన అబ్రహాం, ఫ్రాంక్, గుహా, హాఫ్నియం ఆక్సైడ్ పొరలలో కొందరు చూసిన అయస్కాంతత్వం వంటి సంకేతం నమూనాను స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టకారుతో పట్టుకున్నా రాగలదని చూపారు.

ఈ చివరి సంగతి ద్రవంలో అబ్లేషన్ చేసేవారికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. సాధారణ నానోసెకన్ లేజర్‌తో గంటకు వచ్చేది మిల్లీగ్రాములలోనే. 2016లో బార్సికోవ్‌స్కీ బృందం అధికశక్తి పికోసెకన్ లేజర్‌తో గంటకు 4 గ్రాములు సాధించిన మాట నిజమే. అటువంటి యంత్రం ఎన్ని విశ్వవిద్యాలయాలకు అందుబాటులో ఉన్నది? మిల్లీగ్రాము నమూనాలోని బలహీన సంకేతాన్ని పట్టకారు తుప్పు, గాజు గొట్టపు ఇనుము అనుకరించగలవు. డోప్ చేయని నమూనాను అదే ఫలకం గట్టు మీద, అదే పట్టకారుతో, అదే రోజు కొలిచి పక్కన చూపకపోతే అయస్కాంతపు వక్రరేఖకు విలువ లేదు.

7. ఏది సాక్ష్యం

ఎక్స్‌కిరణ వివర్తనంలో 'వేరే శిఖరాలు లేవు కాబట్టి వేరే పదార్థం లేదు' అన్న వాక్యం అతి సామాన్యం. ఒకటి రెండు శాతం ఉన్న పదార్థం, అందునా రెండు మూడు నానోమీటర్ల కణాలుగా ఉంటే, దాని శిఖరం వెడల్పై నేపథ్యంలో కలిసిపోతుంది. కనబడకపోవడం లేకపోవడం కాదు. శిఖరం కొద్దిగా జరిగిందన్నదీ బలహీన సాక్ష్యమే. జింక్ అయాను వ్యాసార్థం, నాలుగు పొరుగుల అమరికలో, 0.60 ఆంగ్‌స్ట్రామ్‌లు. కోబాల్ట్‌ది 0.58. ఒక శాతం కోబాల్ట్ వల్ల వచ్చే మార్పు నమూనాను పెట్టే ఎత్తులోని తేడా కంటే చిన్నది కావచ్చు.

కోబాల్ట్‌కు అదృష్టవశాత్తు మరొక సాక్షి ఉన్నది, రంగు. జింక్ స్థానంలో నాలుగు ఆక్సిజన్ల మధ్య కూర్చున్న కోబాల్ట్ 565, 610, 655 నానోమీటర్ల పరిసరాలలో కాంతిని శోషిస్తుంది. స్వీడన్‌కు చెందిన రిన్మాన్ పద్దెనిమిదవ శతాబ్దంలో కనుగొన్న ఆకుపచ్చ వర్ణద్రవ్యం ఇదే. ఈ మూడు పట్టీలు స్పష్టంగా కనిపిస్తే కోబాల్ట్ లోపలి పీటమీద ఉన్నదని నమ్మవచ్చు. 2003లో ష్వార్ట్జ్, గామెలిన్ తదితరులు ఈ పట్టీలనే ఆధారం చేసుకొని, ద్రావణంలో పెరిగే జింక్ ఆక్సైడ్ తొలి కేంద్రకాలు కోబాల్ట్‌ను పూర్తిగా దూరం పెడతాయని, ఆపైన పెరిగే పొరలలోనే అది చేరుతుందని చూపారు. ఉపరితలానికి అంటిన అయాన్లను డోడెసైలమీన్‌లో వేడిచేసి తొలగించారు. లేజర్ అబ్లేషన్ కణాలపై ఈ పరీక్ష చేయడానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

వెండి సంగతి దీనికి పూర్తి విరుద్ధం. వెండి అయాను వ్యాసార్థం అదే అమరికలో 1.00 ఆంగ్‌స్ట్రామ్. 0.60 పీటమీద అది కూర్చోవడం కష్టం. అయినా 'వెండి డోప్ చేసిన జింక్ ఆక్సైడ్' అన్న శీర్షికకు కొదవ లేదు. వివర్తన చిత్రంలో 38.1 డిగ్రీల వద్ద వెండి లోహపు శిఖరం, శోషణ వర్ణపటంలో 400 నానోమీటర్లు దాటిన చోట వెండి ప్లాస్మాన్ ఉబ్బు, రెండూ కనబడుతూ ఉండగానే ఆ శీర్షిక నిలుస్తుంది. రంగునీటిని వెలుగులో విరంజనం చేసే సామర్థ్యం పెరిగిందన్న ఫలితాన్ని దానికి మద్దతుగా చూపుతారు. జింక్ ఆక్సైడ్‌ను అంటి ఉన్న వెండి కణం ఎలక్ట్రాన్లను లాక్కొని ఆ పని చక్కగా చేస్తుంది. అంటే ఆ ఫలితం తిలతండులానికే సాక్ష్యం. అది తక్కువరకం పదార్థమేమీ కాదు. దాని పేరు వేరు, అంతే.

అల్యూమినియం విషయంలో అడగవలసినది పరారుణ శోషణను. లోపల కూర్చున్న అల్యూమినియం ఒక్కొక్కటి ఒక ఎలక్ట్రాన్‌ను విడుదల చేస్తే స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల శోషణ పరారుణంలో కనబడాలి, శోషణ అంచు నీలం వైపు జరగాలి. రెండూ కలిసి రావాలి. అంచు ఒక్కటే జరిగితే కణం చిన్నదై ఉండవచ్చు, లేదా మసక కొల్లాయిడ్‌లో కాంతి చెదిరి గీసిన గీత వంగి ఉండవచ్చు.

8. పరిశుభ్రత వాదం

ద్రవంలో లేజర్ అబ్లేషన్‌ను సమర్థించేవారు తప్పక చెప్పే గుణం ఉపరితల పరిశుభ్రత. రసాయన పద్ధతులలో కణాలను పట్టి ఉంచే సేంద్రియ అణువులు ఇక్కడ అక్కరలేదు. కణాలు తమ ఒంటిమీది ఆవేశంతోనే విడివిడిగా తేలుతాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని అధికశక్తి పదార్థాల పరిశోధన కేంద్రంలో ఫెమ్టోసెకన్, పికోసెకన్ స్పందనాలతో వెండి, బంగారం, రాగి కణాలను చేసి పేలుడు పదార్థాల ఆనవాళ్ళను రామన్ వర్ణపటంతో పట్టే పనిలో ఈ గుణమే ఆధారం. అక్కడ పని జరిగేది కణం ఉపరితలంపై. సంకేతం పెరిగిందంటే కణం పని చేసినట్లే. వాదానికీ సాక్ష్యానికీ మధ్య దూరం తక్కువ.

డోపింగ్‌లో ఆ దూరం ఎక్కువ. పైగా ఇక్కడ పరిశుభ్రత వాదమే ఎదురు తిరుగుతుంది. కణాన్ని తేల్చే ఆవేశం అంటే ఉపరితలంపై అంటుకొన్న అయాన్లే. నీటిలో రాగి, మాంగనీస్ అయాన్లు ఉంటే అవీ అక్కడ చేరతాయి. సేంద్రియ కవచం లేని ఉపరితలం వాటిని మరింత సులభంగా చేర్చుకొంటుంది. ఒకే పత్రంలో మొదటి పేరా 'ఏమీ అంటని ఉపరితలం' అని, చివరి పేరా 'లోహమంతా లోపలే' అని చెబితే, ఆ రెండింటినీ కలిపే ప్రయోగం మధ్యలో ఉండాలి.

ఆ ప్రయోగం ఏమంత అసాధ్యమైనది కాదు. కొల్లాయిడ్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన నీటిని విడిగా విశ్లేషించాలి. అడుగున దిగినదానిని కడిగి, కడిగిన నీటినీ విశ్లేషించాలి. లోహ అయాన్లను పట్టుకొనే ఈడీటీఏ వంటి కారకంతో ఒకసారి కడగాలి. అయితే అది జింక్ ఆక్సైడ్‌నూ కొంత కరిగిస్తుంది. అందుచేత నీటిలోకి వచ్చిన జింక్‌ను కూడా లెక్కించి, కరిగిన పొర మందంతో పోల్చాలి. ముందు వచ్చిన నీళ్ళలోనే లోహమంతా వచ్చేస్తే అది బయటిది. జింక్‌తోపాటు అదే నిష్పత్తిలో నెమ్మదిగా వస్తే లోపలిది. ఆపైన కావలసినవారికి ఇందోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో ఎక్స్‌కిరణ శోషణ సూక్ష్మనిర్మాణాన్ని కొలిచే కిరణరేఖలు ఉన్నాయి. అవి లోహ పరమాణువు చుట్టూ పొరుగువారు ఎందరో, ఎంత దూరంలో ఉన్నారో చెబుతాయి. కాని దానికి కొద్దిపాటి కాదు, తగినంత పొడి కావాలి. మిల్లీగ్రాములలో వచ్చే కణాలను వారాల తరబడి పోగుచేయడం ఓపికతో కూడిన పని.

ఆ వారాలు తప్పించుకోవడానికే 'డోప్డ్' అన్న విశేషణం తొందరగా శీర్షికలోకి వస్తున్నది. మూడవ దారిలో, లవణ ద్రావణంలో చేసిన కణాలను 'మాంగనీస్ సమక్షంలో తయారైన జింక్ ఆక్సైడ్' అనీ, వెండి శిఖరం కనబడినప్పుడు 'వెండి అంటిన జింక్ ఆక్సైడ్' అనీ సిద్ధాంతగ్రంథం శీర్షికలోనే రాయవచ్చు. మౌఖిక పరీక్షలో పరీక్షకుడు కడిగిన నీటి లెక్క అడిగినప్పుడు ఈ శీర్షికలకు ఇబ్బంది లేదు.